దీవిలో ఇల్లు, పని, రెండో నంబరు ఇంజిన్

ఈ ఏడాది నన్ను వెతుక్కుంటూ చీపురుపల్లి వచ్చినవాళ్ళు ముగ్గురు. ముగ్గురూ అండమాన్ వెళ్ళబోయేవాళ్ళే. మొదటి ఇద్దరూ టీ తాగి, ఓడ టిక్కెట్టు ఎలా దొరుకుతుందో కనుక్కుని వెళ్ళిపోయారు. మూడో మనిషి పాతపట్నం అమ్మాయి, పేరు జ్యోతి. ఎలక్ట్రికల్ డిప్లొమా చదివింది. ఒక చిన్న దీవిలో డీజిల్ పవర్ హౌసులో ఉద్యోగం వచ్చింది. నేను ఇరవై మూడేళ్ళు చేసిన పని అదే. ఒక కాగితం మీద మూడు ప్రశ్నలు రాసుకుని వచ్చింది. ఇల్లు దొరుకుతుందా, బండి తీసుకెళ్ళాలా, పనిలో దేనికి జాగ్రత్తపడాలి.

మొదటి రెండింటికీ పది నిమిషాల్లో జవాబు చెప్పాను. మూడోదానికి ఆమె చేతిలో కాగితం తీసుకుని జేబులో పెట్టుకున్నాను.

"రాసి పంపుతానమ్మా" అన్నాను.

"అంత పెద్దదా అంకుల్?"

"చిన్నదే. కానీ అది నాకెలా తెలిసిందో చెప్పకపోతే నువ్వు నమ్మవు."

అందుకే ఇది రాస్తున్నాను. ఇందులో నా ప్రమోషన్లు ఉండవు. అవి రెండు వచ్చాయి, రెండూ ఆలస్యంగా వచ్చాయి, రెండింటివల్లా నా కుర్చీ మారలేదు.

ప్రయాణం

మా నాన్న మా ఊరి గుడిలో సన్నాయి వాయించేవాడు. మా తాతా అంతే. నాకు ఊపిరి చాలక ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదివి, ఒక జనపనార మిల్లులో జనరేటరు దగ్గర చేరాను. కొన్నేళ్ళకు మిల్లు గేటుకు తాళం పడింది. మూడు నెలలు గేటు ముందు కూర్చున్నాం. తాళం మాత్రం తియ్యలేదు. ఆ రోజుల్లోనే దీవుల్లో డీజిల్ మెకానిక్ ఖాళీ ఉందని ఎవరో చెబితే దరఖాస్తు పెట్టాను. పిలుపు వచ్చింది.

"అక్కడ గుడి ఉన్నాదా?" అని అడిగాడు నాన్న.

"తెలీదు."

"కరెంటు ఉన్నాదా?"

"అది నేనెల్తేనే వస్తాదంట నాన్నా" అన్నాను.

విశాఖపట్నం నుంచి ఓడలో మూడు రోజులు. మొదటి రోజు సముద్రం చూశాను. రెండో రోజు బకెట్టు చూశాను. మూడో రోజు ఏం చూశానో గుర్తులేదు. పోర్ట్ బ్లెయిర్‌లో దిగాక నేను పనిచేయాల్సిన దీవికి ఇంకో పడవ ఎక్కాలి. అది వారానికి రెండుసార్లు వెళ్తుందని టైంటేబుల్లో ఉంది. ఆ టైంటేబులు సముద్రానికి ఎవరూ చూపించినట్టు లేదు. ఆరు రోజులు ఆగి ఎక్కాను.

జ్యోతీ, బండి సంగతి నీకు చెప్పాను కదా, ఇంకోసారి చెబుతాను. నాకు ముందున్న మెకానిక్ మోటారు సైకిల్ తెచ్చుకున్నాడు. దీవిలో పెట్రోలు బంకు లేదు. నేను వెళ్ళేసరికి దాని మీద లుంగీలు ఆరుతున్నాయి. నేను నా పాత సైకిలు తీసుకెళ్ళాను. ఓడలో అందరూ నవ్వారు. దీవిలో ఉన్నదే ఆరు కిలోమీటర్ల రోడ్డు. ఆ సైకిలు మీద పదకొండేళ్ళు తిరిగాను. అది తుప్పుకి పోయింది గానీ నన్నెప్పుడూ దింపెయ్యలేదు.

ఆ దీవి పేరు మాత్రం రాయను. అక్కడివాళ్ళకి ఈ కథ తెలుసు. మిగతావాళ్ళకి పేరుతో పనిలేదు.

ఇల్లు

పవర్ హౌసుకి మూడు క్వార్టర్లు ఉండేవి. ఒకదానిలో మా జూనియర్ ఇంజినీరు దాస్ గారు. రెండోదానిలో వైర్‌మన్‌ల కుటుంబాలు రెండు. మూడోదానిలో కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్లు. వాటిని రద్దు చేసే ఉత్తర్వు వచ్చేదాకా తడవకూడదట.

"నేను తడవొచ్చా సార్?" అని అడిగాను, నాకొచ్చిన హిందీలో.

"నీకు స్టోరు రూము ఉంది" అన్నారు దాస్ గారు.

ఆయిల్ పీపాల మీద రెండు బల్లచెక్కలు వేసుకుని నలభై రోజులు పడుకున్నాను. ఒకనాడు జెట్టీ దగ్గర పడవ ఇంజిన్ బాగుచేసుకుంటున్న మనిషొకాయన నేను సైకిలు తొక్కుతూ తెలుగులో తిట్టుకోవడం విన్నాడు.

"ఏ ఊరోడివి?"

"చీపురుపల్లి దగ్గర."

"మరి సెప్పవేటి? నలబై రోజుల్నించి ఎవరో అరవాయన అనుకుంటన్నాం. ఎక్కడుంతన్నావు?"

చెప్పాను. ఆయన పానా కింద పెట్టాడు. "పీపాల మీదా? నువ్వు మనిసివా, డీజిలువా?"

ఆయన పేరు ఎర్రయ్య. సొంతూరు భావనపాడు. వయసులో నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. పెళ్ళయిన కొత్తలో భార్య పోలమ్మతో కలిసి వచ్చి, దీవికి ఆ చివర ఉన్న పేటలో స్థిరపడ్డాడు. పేటలో ముప్పై ఇళ్ళు, అన్నీ మన సముద్రతీరం నుంచి వెళ్ళినవాళ్ళవే. ఎర్రయ్య ఇంటి పక్క గదిలో వలలు, ఎండు చేపలు ఉండేవి. సాయంత్రానికి వలలు బయటికి వచ్చాయి, నేను లోపలికి వెళ్ళాను. ఎండు చేపలకు వేరే చోటు లేక అవి ఓ మూల ఉండిపోయాయి.

మా ఇంట్లో నీసు ముట్టరు. మొదటి వారం ముక్కుకి తువ్వాలు కట్టుకుని పడుకున్నాను. మూడో నెలకి వాసన తెలియడం మానేసింది. సెలవు మీద ఇంటికెళ్తే అమ్మ నన్ను గుమ్మంలోనే ఆపి రెండుసార్లు స్నానం చేయించింది. తర్వాత నా భార్య రాజేశ్వరి కూడా వచ్చి ఆ గదిలోనే కాపురం పెట్టింది. ఆ వాసన మరిచిపోవడానికి ఆమెకు రెండు నెలలే పట్టింది.

దీవిలో ఇల్లు వెతుక్కునేటప్పుడు గోడలు చూడకు, రేకు చూడు, వాననీళ్ళ పీపా చూడు, పక్కింటి మనిషిని చూడు. మొదటి రెండూ బాగుచేయించుకోవచ్చు.

పని

పవర్ హౌసులో ఇంజిన్లు మూడు. మూడో నంబరు ఎప్పుడో చచ్చిపోయింది, దాని అవయవాలు మిగతా రెండిటికీ వాడుకునేవాళ్ళం. ఒకటీ రెండూ వంతులవారీగా దీవిని నడిపేవి. ఇళ్ళు, బడి, ఆరోగ్య కేంద్రం, టెలిఫోన్లు, అన్నిటికంటే ముఖ్యంగా ఐస్ ప్లాంటు. పేటవాళ్ళు పట్టిన చేప, దాన్ని తీసుకెళ్ళే పడవ వచ్చేదాకా ఐసులోనే బతుకుతుంది. అంటే పేట కూడా.

దాస్ గారు చెడ్డవారు కాదు. మనుషుల మీద అరిచేవారు కాదు. ఎవరికైనా జ్వరమొస్తే ఆయన భార్య జావ పంపేది. కానీ ఆయనకి కాగితం ఖాళీగా ఉంటే నచ్చేది కాదు. గంట గంటకీ ఇంజిన్ ఆయిల్ ప్రెషర్, వేడి, లోడు చూసి లాగ్ షీటులో రాయాలి. ఆయన పొద్దున్నే కూర్చుని సాయంత్రం ఆరు దాకా నింపేసేవారు. ప్రెషరు ఎప్పుడూ నాలుగు, నాలుగుంపావు మధ్యలో ఉండేది, కాగితం మీద.

"రోజూ అదే కదా వచ్చేది" అనేవారు. నిజమే, రోజూ అదే వచ్చేది. నేనూ నేర్చుకున్నాను.

ఇక నీ మూడో ప్రశ్న జ్యోతీ, అంటే నా చెవి సంగతి. చేరిన మొదటి నెలలోనే రెండో నంబరు శబ్దంలో ఏదో తేడా వినిపించింది. నాలుగో సిలిండరు ఇంజెక్టరు పోతోందన్నాను. విప్పి చూస్తే అదే. దాస్ గారు అందరినీ పిలిచి మరీ చెప్పారు. అప్పటినుంచి దీవిలో నన్ను చెవి మేస్త్రీ అన్నారు. సన్నాయి ఇంటివాణ్ణి, ఆ మాట నాకు ఎంత తియ్యగా ఉండేదో చెప్పలేను. ఆ మరుసటి ఏడు ఒకటో నంబరు గేజి ప్రెషరు పడిపోయినట్టు చూపిస్తే, శబ్దం విని, ఇంజిన్ బాగుంది, గేజే పోయిందన్నాను. గేజి మార్చారు. మళ్ళీ నేనే నెగ్గాను.

ఓడినవాడు తనంతట తనే జాగ్రత్తగా ఉంటాడు. రెండుసార్లు నెగ్గినవాణ్ణి ఇంకెవరైనా కనిపెట్టుకుని ఉండాలి. నన్ను కనిపెట్టుకుని ఉండడానికి అక్కడ ఎవరూ లేరు.

ముల్లు

మూడో ఏడు. వానలు తగ్గుముఖం పట్టి చేప బాగా పడుతున్న రోజులు. దాస్ గారు పని మీద పోర్ట్ బ్లెయిర్ వెళ్ళారు. ఒకటో నంబరును నేనే విప్పి పెట్టాను, గాస్కెట్లు, రింగులు పడవలో రావాలి. దీవి మొత్తం రెండో నంబరు మీద నడుస్తోంది. ఐస్ ప్లాంటులో పేటవాళ్ళ మూడు రోజుల చేప ఉంది.

పొద్దున పది గంటలకు ఆయిల్ ప్రెషర్ గేజి చూశాను. ముల్లు నాలుగు దగ్గర ఉండాలి, రెండు దగ్గర ఉంది. గోటితో కొట్టాను. ఒకటిన్నరకు వెళ్ళింది.

ఇంజిన్ ఆపి, ఆయిల్ జల్లెడ తీసి చూడాలి. గంట పని. మిల్లులో చేరిన మొదటి వారంలోనే ఈ సంగతి నేర్పారు. కానీ ఆపితే దీవి అంతా కరెంటు పోతుంది, ఐస్ ప్లాంటు వాళ్ళు పరుగెత్తుకొస్తారు, చెవి మేస్త్రీ ఎందుకు ఆపాడని అడుగుతారు. కళ్ళు మూసుకుని విన్నాను. శబ్దం శుభ్రంగా ఉంది. గేజి మళ్ళీ అబద్ధమాడుతోంది అనుకున్నాను. ప్రెషరు పడితే ఇంజిన్ తనంతట తనే ఆగిపోయే ఏర్పాటు ఒకటి ఉండేది. ఊరికే ఆపుతోందని దాని తీగ నాకంటే ముందెవరో పీకేశారు. నేను వచ్చి మూడో ఏడు నడుస్తున్నా తిరిగి తగిలించలేదు. కాబట్టి ఆ తప్పులోనూ సగం నాదే.

మధ్యాహ్నం మూడింటికి ఇంజిన్ నాకు వినపడేటట్టే చెప్పింది. ఇనుము ఇనుమును కరిచిన శబ్దం ఒకటి వచ్చింది, నేల అదిరింది, ఆగిపోయింది. లోపల బేరింగులు కాలి, క్రాంకు తిరక్కుండా పట్టేసింది. జల్లెడకు మడ్డి పట్టి ఆయిలు అందడం లేదని తర్వాత విప్పితే తెలిసింది.

అరగంటలో జనం వచ్చారు. ముందుగా పోలమ్మ, రొప్పుతూ.

"ఏటయినాది బాబూ?"

"ఇంజిన్ ముసలిదైపోయిందత్తా" అన్నాను.

ఆ మాట ఎక్కణ్ణించి వచ్చిందో నాకు తెలీదు. చాలా తేలిగ్గా వచ్చింది. అందరూ తలూపారు. పొద్దున్నే నేను నింపి గోడకు తగిలించిన లాగ్ షీటులో రెండో నంబరు అప్పటికింకా నడుస్తోంది. ఆరు గంటల దాకా నాలుగుంపావు ప్రెషరుతో.

పదమూడు రోజులు

మర్నాటికి సముద్రం చెడింది. పడవ రాదన్నారు. టెలిఫోను ఎక్స్ఛేంజి బ్యాటరీలు ఒక రోజు నడిచి ఆగాయి. దాస్ గారికి కబురు వెళ్ళింది గానీ, ఆయన సామాను పట్టుకుని అక్కడి రేవులో కూర్చోవడం తప్ప చేయగలిగింది లేదు.

రెండో రోజు ఐసు కరగడం మొదలైంది. పేట మొత్తం కూర్చుని చేపలు కోసి ఉప్పు పట్టించింది. ఉన్న ఉప్పు మధ్యాహ్నానికి అయిపోయింది. నేనూ, రాజేశ్వరీ కూడా కోశాం. ఆమె కొంగు ముక్కుకి చుట్టుకుని, పోలమ్మ పక్కన కత్తిపీట వేసుకుని కోసింది. మిగిలిన చేపను మూడో రోజు గొయ్యి తీసి పూడ్చారు. మంచి వంజరం. పూడుస్తున్నప్పుడు ఎవరూ నన్ను ఏమీ అనలేదు. పైగా ఒకాయన నా భుజం తట్టాడు.

ఆరోగ్య కేంద్రంలో ఒక తాత ఉన్నాడు. ఊపిరితిత్తుల జబ్బు. కరెంటుతో నడిచే ఆక్సిజన్ మిషను మీద ఉన్నాడు. అక్కడి చిన్న జనరేటరు రెండు రోజులు నడిచింది. పెట్రోలు అయిపోవచ్చాక డాక్టరమ్మ పేటకు వచ్చింది. పెద్దాసుపత్రి ఉన్న దీవికి తీసుకెళ్తే తప్ప బతకడంది. మామూలు రోజుల్లో అది ఆరు గంటల ప్రయాణం. ఉన్న ఒక్క ఆక్సిజన్ సిలిండరూ ఇస్తానంది.

ఎర్రయ్య లేచి లుంగీ బిగించాడు.

"సిలిండరు బేగి తెప్పించండమ్మా. అలలు ఇంకా పెరుగుతాయి."

ఆయనా, ఇంకో ఇద్దరూ తాతను పడవలో పడుకోబెట్టుకుని వెళ్ళారు. ఆ రోజూ, మర్నాడూ, ఆ మర్నాడూ తిరిగి రాలేదు. కబురు తెలిసే దారి లేదు. పోలమ్మ ఇసుకలో కూర్చుని సముద్రం వైపు చూస్తుండేది. నేను వెళ్ళి పక్కన కూర్చునేవాణ్ణి. పవర్ హౌసులో చేయడానికి పనేమీ లేదు.

అలా కూర్చున్న రెండో రోజు ఆవిడే నన్ను ఓదార్చింది.

"నువ్వేటి సేస్తావు బాబూ. ముసిలి ఇంజిను. మనుసులే ఆగిపోతన్నారు, ఇంజిను ఆగిపోదేటి?"

ఆ సాయంత్రం రాజేశ్వరికి చెప్పేశాను. ముల్లు సంగతి, చెవి సంగతి, లాగ్ షీటు సంగతి. ఆమె అన్నం వారుస్తోంది. వార్చడం పూర్తి చేసి గిన్నె దించింది.

"నాకు సెప్తే ఏటవుతాది?" అంది. "సెప్పవలసినోళ్ళు గోడవతలున్నారు."

గోడవతల

వాళ్ళు వెళ్ళిన నాలుగో రోజు పొద్దున్నే ఎర్రయ్య పడవ కనిపించింది. తాత బతికాడు. ఆసుపత్రిలో చేర్చి, సముద్రం కాస్త తగ్గేదాకా ఆగి బయల్దేరారట. ఎర్రయ్య ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కుని, చద్దన్నం ముందు కూర్చున్నాడు. ఆయన తినేదాకా ఆగుదామనుకున్నాను. ఆగితే ఇంక చెప్పలేనని తెలిసింది.

"మావా, ఇంజిన్ ముసలిదై ఆగిపోనేదు. ఆపవలసినప్పుడు నేను ఆపనేదు. అందుకని ఆగిపోనాది."

ఆయన తల ఎత్తాడు. అంతా చెప్పాను. ఇంజిన్ల సంగతి తెలిసిన మనిషి, ఎక్కడ అడగాలో అక్కడే అడిగాడు.

"ముల్లు సూసినావా?"

"చూశాను."

"తగ్గినాదని తెల్సినాదా?"

"తెలిసింది."

"మరేటి సేసినావు?"

"చెవితో విన్నాను మావా. బాగానే ఉందనిపించింది."

పోలమ్మ గుమ్మంలో నిలబడిపోయింది. ఎర్రయ్య కంచంలో చెయ్యి కడుక్కున్నాడు. సగం అన్నం అలాగే ఉంది.

"దార్లో ఆ ముసిలోడికి రెండు పాల్లు ఊపిరి ఆగినాది" అన్నాడు. "గుండెల మీద గుద్ది గుద్ది తెచ్చుకున్నాం. అప్పుడు దేవుణ్ణి తిట్టినాను. నిన్ను తిట్టవలసినాది, తెలీక."

"గది ఖాళీ చేసేస్తాం" అన్నాను.

"కాళీ సెయ్యక్కర్నేదు. నీ ఆడమనిసి ఏటి సేసినాది? గానీ నువ్వు నాతోటి మాటాడకు."

"ఎన్నాళ్ళు మావా?"

"అదిగో, మాటాడతన్నావు."

లేచి బయటికి వెళ్ళిపోయాడు.

సంతకం

పదమూడో రోజు పడవ వచ్చింది. దాస్ గారూ, గాస్కెట్లూ, రింగులూ దిగాయి. సాయంత్రానికి ఒకటో నంబరు నడిచింది. మర్నాడు దాస్ గారు రిపోర్టు రాసి నా ముందు పెట్టారు. ఇంజిన్ కాలం చెల్లినందువల్ల ఆగిందని ఉంది.

"సంతకం పెట్టు. నీ లాగ్ షీటు నిన్ను కాపాడింది. ప్రెషరు చివరిదాకా బాగానే ఉంది."

"ఆరు గంటలదాకా బాగానే ఉంది సార్. ఇంజిన్ మూడింటికి ఆగింది."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని షీటు తీసి చదివారు. రాయడం పూర్తయిన లాగ్ షీటును ఆయన చదవడం నేను చూసింది అదే మొదటిసారి.

"మూడు తర్వాతవి కొట్టేద్దాం" అన్నారు.

"పదింటిది కూడా తప్పే సార్. అప్పుడు రెండుంది. నేను చూశాను."

నా వంకర హిందీలో నేనే ఒక కాగితం రాసి తెచ్చాను. జరిగినది జరిగినట్టు. ఆయన దాన్ని రెండుసార్లు చదివారు.

"ఇది వెళ్తే, ముందుగానే రాయడం నీకు నేర్పిందెవరని అడుగుతారు."

"అడుగుతారు సార్."

"నాకింకా నాలుగేళ్ళ సర్వీసుంది."

"తెలుసు సార్."

ఆయన దాన్ని చింపేస్తారనుకున్నాను. చింపలేదు. ఓ వారం సొరుగులో పెట్టుకుని, తర్వాత పంపారు. ఇద్దరికీ మెమోలు వచ్చాయి. ఆయనకు వచ్చినది పెద్దది. తర్వాత ఉద్యోగమున్నంత కాలం నన్ను రమణా అని పేరు పెట్టి పిలవలేదు, మెకానిక్ అనేవారు. కానీ మెమో వచ్చిన మర్నాడే గోడకు గడియారం తగిలించి, గంట గంటకీ లేచి వెళ్ళి గేజి చూసి రాశారు. పీకేసిన తీగ నేను తగిలిస్తుంటే పక్కన నిలబడి టార్చి పట్టుకున్నారు. నేను చూసిన పై అధికారుల్లో చాలామందికి ఆ టార్చి పట్టుకోవడం చేతకాదు.

ఇంకో సంగతి జరిగింది. కొత్త ఇంజిన్ కావాలని మా ఆఫీసు ఏళ్ళ తరబడి అడుగుతూ ఉండేది. లాగ్ షీట్లన్నీ బాగుంటే కొత్త ఇంజిన్ ఎందుకని పైవాళ్ళు అనేవారట. నా కాగితం చూశాక పంపారు.

కొత్త ఇంజిన్

ఎర్రయ్య నాలుగు నెలల పైన నాతో మాట్లాడలేదు. మధ్యలో పలుచని చెక్క గోడ. ఆయన దగ్గితే మాకు వినపడేది. ఏదైనా చెప్పాల్సి వస్తే పోలమ్మతో అనేవాడు, నేను అక్కడే ఉన్నా సరే.

"ఆ పవర్ హౌసాయనకి సెప్పు, సూరుకాడ రేకు లేచిపోతన్నాదని."

"బాబూ, సూరుకాడ రేకు లేచిపోతన్నాదంట" అనేది పోలమ్మ, రెండడుగుల దూరంలో.

పేటలో మిగతావాళ్ళకీ తెలిసింది. కొందరు ముఖం తిప్పుకున్నారు. కొందరు తిట్టారు. తిట్టినవాళ్ళే నయం. నన్ను చెవి మేస్త్రీ అనడం మాత్రం అందరూ మానేశారు. తాత ఆసుపత్రి నుంచి తిరిగొచ్చి, ఆసుపత్రి కూడు బాగోలేదని రెండేళ్ళపాటు అందరికీ చెప్పి, తర్వాత పోయాడు.

కొత్త ఇంజిన్ పెద్ద సరుకుల పడవలో వచ్చింది. పడవ మీది క్రేను దాన్ని జెట్టీ మీద దించి వెళ్ళిపోయింది. అక్కణ్ణించి పవర్ హౌసుకి ఎగుడు దారి, రెండు వందల గజాలు. మా ఆఫీసుకి ఒక లారీ ఉండేది, దాని ఇరుసు రిపేరుకని పోర్ట్ బ్లెయిర్‌లో ఉండేది. దుంగలు వేసి, తాళ్ళు కట్టి మనుషులు లాగాల్సిందే. అంత బరువు లాగడం తెలిసినవాళ్ళు పేటవాళ్ళే. పడవలు ఒడ్డుకి లాగే చేతులు.

పేటకు వెళ్ళాను. ఎర్రయ్య వల కుట్టుకుంటున్నాడు. ఎదురుగా నిలబడి, మాట్లాడకూడదు కాబట్టి పోలమ్మ వైపు తిరిగి చెప్పాను, ఇంజిన్ పైకి చేర్చాలి, మనుషులు కావాలని.

"ఎంత బరువో అడుగు" అన్నాడు ఎర్రయ్య, వలలోంచి తలెత్తకుండా.

"ఎంత బరువు బాబూ?" అంది పోలమ్మ.

"కాగితంలో మూడు టన్నులుంది. కానీ పెట్టె, కింద దిమ్మ కలపలేదు. నాలుగు ఉంటుంది."

"మూడని సెప్పుంటే ఇరవై మంది సాలనుకుందుము" అన్నాడాయన పోలమ్మతో. "నలుగురు సచ్చుందురు."

మధ్యాహ్నానికి నలభై మంది వచ్చారు. నా మీద ముఖం తిప్పుకున్నవాళ్ళు కూడా. ముందు తాడు దగ్గర ఎర్రయ్య నిలబడి హైలెస్సా అని కేక వేస్తుంటే అందరూ ఒక్కసారిగా లాగేవారు. దుంగ దుంగ మీదికీ ఇంజిన్ జరిగేది. వెనక మిగిలిన దుంగను తీసి ముందుకి మోసుకెళ్ళి వేయడం నా పని. సగం దూరం వచ్చాం. నేను ఇంజిన్ వెనక వంగి, మిగిలిన దుంగ తీస్తున్నాను. పై తాడు ఒకటి పటపటమంది. నాకు వినపడింది. ఏమిటా అని తలెత్తి చూస్తున్నాను.

"ఒరే రమణా! తప్పుకోరా!" ముందు తాడు దగ్గర్నించి ఎర్రయ్య కేక.

పక్కకి దూకాను. నేనున్న చోటు మీదుగా ఇంజిన్ మూడు గజాలు వెనక్కి జారి, దుంగలు ఒకదాన్నొకటి తన్నుకుని, మిగతా తాళ్ళ మీద ఆగింది. చేతులు కొట్టుకుపోయినా ఒక్కరూ తాడు వదల్లేదు.

నేను మట్టిలో పడి ఉన్నాను. ఎర్రయ్య తాడు పక్కవాడికిచ్చి దిగి వచ్చాడు. నా మోకాలు చూశాడు, మోచెయ్యి చూశాడు.

"దెబ్బ తగిలినాదేటి?"

"నేదు మావా."

"లెగు మరి" అన్నాడు. "ఇంకా సగం ఉన్నాది."